చెరసాలలో కథ వ్రాసిన కాపరి – జాన్ బన్యన్

పరిశుద్ధ గ్రంథము, కీర్తనల పుస్తకము, వాటి ప్రక్కన యాత్రికుని ప్రయాణము. మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో పెద్దలు అలమారలో భద్రముగా దాచుకొన్న పుస్తకములు తరచుగా ఇవే. ఈ మూడవ పుస్తకమును వ్రాసిన జాన్ బన్యన్ గారిని గూర్చి మనలో చాలమందికి తెలిసినది రెండు ముక్కలే. ఆయన ఇంగ్లండు దేశస్థుడు, చెరసాలలో ఉండి ఆ గ్రంథమును వ్రాశారు. కాని ఆ పుస్తకమును అచ్చు వేయించవచ్చునా కూడదా అని ఆయన ఎంతో తటపటాయించిన సంగతి, స్నేహితులను అడిగితే వారు రెండు వర్గములుగా చీలిపోయిన సంగతి అంతగా ప్రచారములో లేవు. దేవుని భయము గలవాడు కల్పిత కథ వ్రాయవచ్చునా అన్న ప్రశ్న ఆయనను బాధించినంతగా మరి ఏ కథా రచయితనూ బాధించి ఉండదేమో!

ఈ శతవార్షిక సంచికలో బిషప్పులను గూర్చియు, మిషనరీలను గూర్చియు, సేవకులను గూర్చియు వ్యాసములు ఉండుట సహజము. కథ వ్రాసి సంఘమునకు మేలు చేసిన ఒక మనుష్యుని చరిత్ర కూడ ఉండుట మంచిదని తలంచి మేము దీనికి పూనుకొన్నాము.

బాల్యము, యౌవనము

బెడ్‌ఫర్డ్ పట్టణమునకు దగ్గరలో ఎల్‌స్టో అనే చిన్న గ్రామము ఉన్నది. 1628వ సంవత్సరము నవంబరు 30వ తేదీన ఆ ఊరి దేవాలయములో బన్యన్‌కు బాప్తిస్మము ఇచ్చారు. తండ్రి థామస్ ఇంటింటికి తిరిగి పాత్రలకు మాట్లు వేసేవాడు. కొడుకూ ఆ పనే నేర్చుకొన్నాడు. చదవను, వ్రాయను వచ్చేటంత చదువు మాత్రమే అబ్బింది. విశ్వవిద్యాలయము గడప ఆయన ఎన్నడూ తొక్కలేదు.

చిన్నతనములో ఆయనకు ప్రాణప్రదమైనవి కథల పుస్తకములు. మన సంతలలో బాలనాగమ్మ కథ వంటి చిన్న పుస్తకములు అమ్మినట్లే ఆ దేశపు సంతలలోను వీరుల కథలు చౌకగా దొరికేవి. గుర్రమెక్కిన జార్జి, రాక్షసుని లొంగదీసిన బెవిస్ – వీరే ఆయన హీరోలు. పరిశుద్ధ గ్రంథము తెరవమంటే బద్ధకము, వీటిని చదవమంటే ఉత్సాహము.

1644లో ఆ ఇంటిమీద కష్టము విరుచుకొనిపడినది. జూన్ నెలలో తల్లి మరణించినది. జూలైలో చెల్లెలు మార్గరెట్ మరణించినది. కొద్ది నెలలలోనే తండ్రి మరల వివాహము చేసుకొన్నాడు. అప్పటికి బన్యన్‌కు పదునారేండ్లు. రాజునకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధము జరుగుచున్న కాలమది. ఆయన పార్లమెంటు సైన్యములో చేరి న్యూపోర్ట్ పాగ్నెల్ కోటలో సిపాయిగా ఉన్నారు. ఒక ముట్టడికి ఆయన వెళ్ళవలసియుండగా మరియొక సిపాయి తాను వెళ్తానని అడిగి ఆ స్థానములో వెళ్ళాడు. కాపలా కాస్తూ తుపాకి గుండు తలకు తగిలి చనిపోయాడు. తనకు బదులుగా ఒకడు మరణించిన ఈ సంగతి బన్యన్ జీవితాంతము మరువలేదు.

మనస్సులోని యుద్ధము

సైన్యము విడిచి వచ్చిన తరువాత ఆయన ఒక బీద యువతిని పెండ్లాడారు. ఆ ఇంట పళ్ళెము గాని చెంచా గాని లేదట. ఆమె తెచ్చిన కట్నమెల్లా తండ్రి ఇచ్చిన రెండు భక్తి పుస్తకములే. ఆ దంపతులకు పుట్టిన మొదటి బిడ్డ మేరీ. ఆ బిడ్డకు కండ్లు లేవు.

ఆ పుస్తకములు చదివిన నాటినుండి ఆయన మనస్సాక్షి మేలుకొన్నది. ఒక ఆదివారము మన బిళ్ళంగోడు వంటి ఆట ఆడుచుండగా, పాపము విడిచి పరలోకమునకు వస్తావా, పాపముతో నరకమునకు పోతావా అని ఎవరో అడిగినట్లు తోచి చేతిలో కర్రతో అలాగే నిలిచిపోయారు. దేవాలయపు గంటలు మ్రోగించుట ఆయనకు ఎంతో సరదా. అదియు వ్యర్థమే అనుకొని మానివేశారు. మానిన తరువాత కూడ వెళ్ళి చూస్తూ నిలబడేవారు. గంట ఊడి మీద పడునేమో, గోపురమే కూలునేమో అని భయపడి చివరకు చూచుట కూడ మానుకొన్నారు.

బెడ్‌ఫర్డ్ వీధిలో ఒక ఇంటి గుమ్మమువద్ద బీద స్త్రీలు కొందరు ఎండలో కూర్చుండి తమ నూతన జన్మమును గూర్చి సంతోషముగా మాటలాడుకొనుట ఒకనాడు ఆయన చెవిని పడినది. తాను ఎరిగినదానికన్న వేరైన వెలుగు అక్కడ కనిపించినది. వారి ద్వారా ఆయన జాన్ గిఫర్డ్ అను కాపరి నడిపించుచున్న సంఘమునకు దగ్గరైనారు. అయినను శోధన వదలలేదు. క్రీస్తును అమ్మివేయుమని లోపల ఏదో పురికొల్పుచున్నట్లు రాత్రింబవళ్ళు తోచేది. ఒక వేకువను ఎదిరించి ఎదిరించి అలసిపోయిన మనస్సు, పోతే పోనిమ్ము అనుకొన్నదట. అంతే! ఏశావువలె జ్యేష్ఠత్వమును అమ్ముకొన్నానని, ఇక తనకు క్షమాపణ లేదని ఆయన రెండేండ్లకు పైగా కుమిలిపోయారు.

ఇంత కఠినముగా తనను తాను విచారించుకొన్న మనుష్యుడు తరువాత కలము పట్టినప్పుడు ప్రతి మాటకును ఎంత లెక్క చూచుకొని ఉండునో మనము ఊహించవచ్చును.

ప్రసంగి, రచయిత

1655 ప్రాంతములో ఆయన ప్రసంగించుట ఆరంభించారు. మాట్లు వేసేవాని ప్రసంగము వినుటకు జనులు గుంపులుగా వచ్చారు. 1656లో మొదటి పుస్తకము వెలువడినది. వెంటనే ఒక సందేహము బయలుదేరినది. వినువారికి తన మాట మేలు చేయుచున్నది సరే, తన సంగతి యేమి? మొదటి కొరింథీయుల పత్రిక పదమూడవ అధ్యాయములోని మ్రోగెడు కంచును తలంచుకొని ఆయన వణికిపోయేవారు. వాయించువాడు నిపుణుడైతే ఫిడేలు నుండి చక్కని రాగము వచ్చును, వినువారు పరవశులగుదురు, అయినను ఫిడేలులో జీవము లేదు గదా! తాను అట్టి ఫిడేలేనేమో అని ఆయన భయము. వరము వేరు, కృప వేరు అని ఆయన నేర్చుకొన్న పాఠము ఇదే. ప్రశంస పొందిన ప్రతి రచయితకు, గాయకునికి, ప్రసంగికి ఇది పనికివచ్చు పాఠమని మేము తలంచుచున్నాము.

1658లో వ్రాసిన ఒక పుస్తకములో తన బాల్యపు కథల పుస్తకములను పేర్లతో సహా ప్రస్తావించి, దేవుని వాక్యమును విడిచి అట్టివాటి వెంట పడుట ఎంత అవివేకమో ఆయన చూపించారు. కథలతో తనకు ఇక సంబంధము లేదని అనుకొని ఉందురు. ఆ సంవత్సరమే ఆయన భార్య నలుగురు బిడ్డలను విడిచి మరణించినది. మరుసటి సంవత్సరము ఆయన ఎలిజబెత్ అను యువతిని వివాహమాడారు.

పండ్రెండేండ్ల చెర

1660లో రాజరికము తిరిగి వచ్చినది. రాజ్యాంగ సంఘమునకు వెలుపల జనులను కూర్చి ప్రసంగించువారిని శిక్షించు చట్టములు అమలులోనికి వచ్చినవి. ఆ నవంబరు 12వ తేదీన ఒక గ్రామములో కూటము ప్రారంభించుచుండగా ఆయనను పట్టుకొన్నారు. ఇక ప్రసంగించనని ఒక్క మాట ఇస్తే ఇంటికి పోవచ్చును. ఆయన ఇవ్వలేదు. మూడు నెలల శిక్ష పండ్రెండేండ్లయినది.

భర్తను బంధించిన వార్త విని నిండు గర్భిణియైన ఎలిజబెత్ ప్రసవవేదన పడి బిడ్డను పోగొట్టుకొన్నది. అయినను 1661 ఆగస్టులో న్యాయమూర్తుల ఎదుట నిలిచి, తనది కాని నలుగురు బిడ్డల కొరకు, అందులో కండ్లులేని బిడ్డ కొరకు మొరపెట్టినది. మాథ్యూ హేల్ అను న్యాయమూర్తి జాలిపడ్డాడు గాని విడుదల మాత్రము రాలేదు. బన్యన్ చెరసాలలో లేసుల కొసలకు లోహపు మొనలు బిగించి, వాటిని అమ్మి కుటుంబమునకు పంపేవారు. భార్యాబిడ్డలను విడిచియుండుట ఎముకలనుండి మాంసమును లాగివేసినట్లున్నదని ఆయన వ్రాసుకొన్నారు. గ్రుడ్డిబిడ్డకు చలి, ఆకలి, దెబ్బలు తగులునేమో అన్న తలంపు అన్నిటికన్న ఎక్కువగా ఆయనను కోసివేసేది.

అక్కడ ఆయనకు తోడుగా ఉన్నవి పరిశుద్ధ గ్రంథము, ఫాక్స్ వ్రాసిన హతసాక్షుల చరిత్ర. 1666లో తన ఆత్మీయ చరిత్రను అచ్చు వేయించారు. దాని ముందుమాటలో ఒక సంగతి గమనింపదగినది. ఇంతకన్న అలంకారముగా వ్రాయగలనని, అయితే తనను ఒప్పించుటలో దేవుడు ఆటలాడలేదు, శోధించుటలో సాతానూ ఆటలాడలేదు గనుక తానును ఆటలాడక ఉన్నది ఉన్నట్లే చెప్పెదనని ఆయన భావము.

కథ దానంతట అదే వచ్చుట

అట్టి మనుష్యుడు చెరసాలలో మరియొక పుస్తకము వ్రాయుచుండెను. భక్తుల మార్గమును, వారి పరుగును గూర్చిన ఉపదేశ గ్రంథము అది. వ్రాయుచుండగా మార్గము అన్న మాట నిజమైన బాటగా కనిపించసాగినది. ఆ బాటలో బురద ఊబి, కొండ, లోయ, సంత, కోట! ఇరువది సంగతులు మనస్సుకు తోచినవి. అవి వ్రాయులోపల మరి ఇరువది తోచినవి. కొలిమినుండి నిప్పురవ్వలు ఎగిరినట్లు అవి పుట్టుచుండగా, అసలు గ్రంథమును మ్రింగివేయునేమో అని భయపడి వాటిని వేరుగా పెట్టి వ్రాశారు.

ఇది లోకమునకు చూపవలెనని గాని, పొరుగువానిని సంతోషపెట్టవలెనని గాని తాను వ్రాయలేదని, తీరిక వేళలలో చెడు తలంపులను తప్పించుకొనుటకు తన సంతోషము కొరకే వ్రాసుకొన్నానని ఆయన దాపరికము లేకుండ ఒప్పుకొన్నారు. కథ వ్రాయుటలో రచయితకు లభించు మొదటి బహుమానము ఇదే గదా! కాళ్ళకు సంకెల, ఇంట ఆకలి ఉన్నవాడు కొన్ని గడియలు విశాలమైన బాటమీద నడచివచ్చాడు. విచిత్రమేమనగా, ఆయన విడిచిపెట్టిన బాల్యపు కథలు ఇక్కడ తిరిగి వచ్చినవి. బెవిస్ ఎదుర్కొన్న రాక్షసుని జాతివాడే, నిరాశ అను పేరుతో సందేహ దుర్గమును ఏలుచు క్రైస్తవుని చెరపట్టినవాడు. సిగ్గుపడి పారవేసిన దానిని దేవుడు శుద్ధిచేసి చేతికిచ్చినట్లయినది.

అచ్చు వేయవలెనా, వద్దా?

1672లో రాజు ప్రకటన వలన ఆయనకు విడుదల కలిగినది. బెడ్‌ఫర్డ్ సంఘము ఆయనను కాపరిగా ఎన్నుకొన్నది. 1676, 77 సంవత్సరముల మధ్య మరియొకసారి కొన్ని నెలలు చెరలో ఉండవలసివచ్చినది. కథ పూర్తియైనది. ఇక దాని సంగతి యేమి?

ఆయన దానిని తనవారికి చూపించారు. కొందరు బ్రదుకనిమ్మన్నారు, కొందరు చంపివేయుమన్నారు. కొందరు మేలు జరుగునన్నారు, కొందరు జరుగదన్నారు. వద్దన్నవారి వాదము బలహీనమైనది కాదు. ఇది కల్పితము, సత్యమునకు కల్పన ఎందుకు? ఇది చీకటి మాట, సామాన్యులకు అర్థము కాదు. ఇందులో గట్టి ఉపదేశము లేదు. ఇరువది యేండ్లక్రితము కథల పుస్తకములను ఖండించిన బన్యనే ఈ మాటలు అనియుండవచ్చును. అందుకే ఆయనకు అది అంత ఇరకాటమైనది.

వారికి ఆయన ఇచ్చిన జవాబులు తన వృత్తివంటి వృత్తులనుండే తెచ్చుకొన్నారు. చేపలు పట్టువాడు గాలము, వల, ఎర ఎన్ని వాడును! పక్షులను పట్టువాడు ఎన్ని ఉపాయములు పన్నును! ముత్యము ఆల్చిప్పలో దొరికినను ముత్యమే. ప్రవక్తలు సాదృశ్యములు వాడలేదా? ప్రభువు ఉపమానములు చెప్పలేదా? ఇంతచేసియు వద్దన్నవారిని ఆయన నిందింపలేదు. మీరిద్దరు భిన్నాభిప్రాయులు గనుక అచ్చు వేయించి, ఎవరి మాట నిజమో పరీక్షకు విడిచిపెట్టెదనన్నారు. సందేహము పూర్తిగా తీరువరకు ఆయన ఆగలేదు. వేచియున్నట్లయితే ఆ కాగితములు పెట్టెలోనే చెదలుపట్టియుండును.

ప్రతిఫలము

1678లో లండనులోని నెథానియల్ పాండర్ అను ప్రచురణకర్త దానిని అచ్చు వేసి ఒకటిన్నర షిల్లింగుకు అమ్మినాడు. ఆ యేడే రెండవ ముద్రణ, మరుసటి యేడు మూడవది. 1682లో డచ్చి భాషలోనికి, 1685లో ఫ్రెంచి భాషలోనికి వచ్చినది. 1692 నాటికి ఇంగ్లండులో సుమారు లక్ష ప్రతులు వెలువడినట్లు ఆయన మిత్రుడు ఒకరు లెక్క వ్రాశారు.

అయితే విమర్శ ఆగలేదు. పాత్రలకు మాట్లు వేసేవాడు ఇట్టి పుస్తకము వ్రాయగలడా, ఎవరిదో కాజేశాడని కొందరన్నారు. తన హృదయము నుండి తలకు, తలనుండి వ్రేళ్ళకు వచ్చినదే గాని వేరెవ్వరిది కాదని 1682లో ఆయన పద్యరూపముగా జవాబు చెప్పవలసివచ్చినది. ఆ యేడే మరియొకరు ఈ పుస్తకములో నవ్వు పుట్టించు భాగములు ఉన్నవని, తాను గంభీరముగా వ్రాసెదనని రెండవ భాగము ఒకటి సొంతముగా వ్రాసి ప్రచురించాడు. ఆ గంభీరమైన పుస్తకమును లోకము మరచిపోయినది.

1684లో బన్యన్ తన రెండవ భాగమును వెలువరించారు. క్రైస్తవుని భార్య, పిల్లలు చేసిన యాత్ర అది. ఆయన జీవితమంతటికి ఫలితము ఈ భాగములో ఉన్నదని మేము నమ్ముచున్నాము. ఇందులో భయస్థుడు అను ఒక యాత్రికుడున్నాడు. ప్రతి గడ్డిపోచకు తొట్రుపడువాడు, ప్రతి గుమ్మముముందు లోపలికి రానిత్తురో లేదో అని వణకువాడు. అతడు మరణనది దాటునాడు ఆ నదిలో నీరు ఎన్నడును లేనంతగా తగ్గిపోయినదట! కుంటివాడును, దిగులుతో కృంగినవాడును, అతని పిరికి కుమార్తెయును అందరు చేరిరి. ఆ కుమార్తె పాడుచు నది దాటినది. రెండేండ్లు తనను తాను నశించినవానిగా ఎంచుకొన్న మనుష్యుడే ఇది వ్రాయగలడు. ఆయన సందేహములు వ్యర్థము కాలేదు. ఇతర సందేహించువారికి అవి దారిపక్క విశ్రాంతి స్థలములైనవి. రచయితకు ఇంతకన్న ప్రతిఫలమేమున్నది?

ధనరూపముగా మాత్రము చెప్పుకోదగినది లేదు. సుమారు అరువది పుస్తకములు వ్రాసిన ఆయన విడిచివెళ్ళిన ఆస్తి విలువ 42 పౌండ్ల 19 షిల్లింగులు.

చివరి ప్రయాణము

1688 ఆగస్టులో ఒక తండ్రి తన కుమారునిమీద కోపగించి ఆస్తి లేకుండ చేయబోవుచున్నాడని విని, వారిని సమాధానపరచుటకు బన్యన్ గుర్రముమీద రెడింగ్ పట్టణమునకు వెళ్ళారు. పని సఫలమైనది. అక్కడనుండి లండనుకు పోవుచు వర్షములో తడిసి జ్వరము తెచ్చుకొని, ఆగస్టు 31వ తేదీన స్నోహిల్‌లో ఒక మిత్రుని ఇంట ప్రభువునందు నిద్రించారు. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానములో సమాధి చేశారు.

పండితులు చాలకాలము ఆయనను లెక్కచేయలేదు. కీర్తనకారుడైన విలియం కూపర్ 1785లో ప్రచురించిన ఒక కావ్యములో ఆయనను పొగడియు, తృణీకరింపబడిన పేరు గనుక చదువరులు నవ్వుదురని పేరు మాత్రము చెప్పలేదు. డాక్టర్ జాన్సన్ మాత్రము, ఇంకను పొడవుగా ఉంటే బాగుండునని చదువరులు కోరు మూడు పుస్తకములలో దీనిని ఒకటిగా ఎంచాడు. ఇప్పటికి అది 200కు పైగా భాషలలోనికి వెళ్ళినది. 1912లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన జ్ఞాపకార్థము రంగు అద్దముల కిటికీ ఒకటి పెట్టారు. ఆయనను చెరలో ఉంచిన చట్టములు ఏ సంఘము పక్షమున చేయబడినవో ఆ సంఘపు ప్రధాన దేవాలయములలో అది ఒకటి. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, నాడు ఎదురుబొదురుగా నిలిచిన ఆ ఆంగ్లికన్, స్వతంత్ర సంఘముల ఆత్మీయ వారసులు మన దేశములో ఒకే బల్లయొద్ద కూర్చున్నారు. ఇదియు దేవుని కార్యమే.

మనకు పాఠము

మన సంఘములలోను వ్రాయువారున్నారు. క్రిస్మసు నాటిక వ్రాసిన యువకుడు, ఆదివారపు బడి పిల్లలకు సొంతముగా కథ అల్లిన ఉపాధ్యాయురాలు, నోటు పుస్తకములో కథలు వ్రాసి ఎవరికిని చూపని గృహిణి. ఇది దేవునికి పనికివచ్చునా, ఇది అహంకారమేమో, ఇంత చదువులేని మాకెందుకు అని వారు వెనుకకు తగ్గుదురు. ఆ సందేహమును మేము చులకన చేయము. అది మంచి కావలివాడు. అయితే కావలివాడు ఇంటి యజమాని కాడు. బన్యన్ తన వ్రాతను సహోదరుల ముందు పెట్టారు, ఇరుపక్షముల మాట విన్నారు, తన మనస్సును పరీక్షించుకొన్నారు. తరువాత అచ్చుకు పంపి, ఫలితమును చదువరులకును దేవునికిని విడిచిపెట్టారు. మన శతవార్షిక సంవత్సరములో, పెట్టెలో దాచిన అట్టి నోటు పుస్తకము ఒకటి బయటికి వచ్చినను ఈ వ్యాసము వ్రాసినందుకు మేము సంతోషింతుము.